రుచి చూడకుండా బెల్లం పొంగలి కుదరాలంటే

ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి వెళ్లేదాకా, మళ్లీ మే నెలలో గంగమ్మ జాతర వచ్చినప్పుడు, తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో వినిపించే ప్రశ్నలు ఎప్పుడూ అవే. బెల్లం వేశాక మెతుకు ఎందుకు బిగుసుకుపోయింది? పాలు ఎందుకు విరిగాయి? పొయ్యి మీద జారుగా ఉన్నది ఆకులోకి వచ్చేసరికి ముద్దకట్టింది, ఎందుకు?

వీటికి తోడు ఇంకో చిక్కుంది. నైవేద్యానికి చేసే పొంగలిని దేవుడికి పెట్టకముందు ఎవరూ నోట్లో వేసుకోరు. తీపి చాలిందా, మెతుకు ఉడికిందా అని నాలుకతో తేల్చుకునే వీల్లేదు. అందుకే తూకం ముందే కచ్చితంగా ఉండాలి. మిగతాదంతా వేళ్లతో, గరిటె జారే తీరుతో, వాసనతో పసిగట్టాలి. కింది కొలతలూ గుర్తులూ ఆ లెక్కన ఇచ్చినవే. మామూలుగా తినడానికి చేసుకునేవాళ్లకూ ఇవే సరిపోతాయి.

చక్కెర పొంగలి అన్నా, తియ్య పొంగలి అన్నా ఇదే. పంచదారతో చేసేవాళ్లూ ఉన్నారు గానీ, బెల్లం రుచి దానికి రాదు.

కావలసినవి (8 మందికి తలా ఒక కప్పు)

- పచ్చిబియ్యం: 200 గ్రాములు
- పెసరపప్పు: 50 గ్రాములు
- బెల్లం: 350 గ్రాములు. తీపి తక్కువ కావాలంటే 300, గుడి ప్రసాదంలా కావాలంటే 400
- నీళ్లు: 1 లీటరు, బెల్లం కరిగించడానికి ఇంకో 150 మి.లీ.
- చిక్కటి పాలు: 250 మి.లీ.
- నెయ్యి: 100 గ్రాములు
- జీడిపప్పు 25, ఎండుద్రాక్ష 20, గుప్పెడు పచ్చికొబ్బరి ముక్కలు
- యాలకులు 6, లవంగాలు 2
- పచ్చకర్పూరం: ఒక్క బియ్యపు గింజంత
- పక్కన సిద్ధంగా అర లీటరు వేడినీళ్లు

ఇంట్లో తూకం లేకపోతే 250 మి.లీ. పట్టే గ్లాసు ఒకటి తీసుకుని అన్నిటికీ అదే వాడండి: బియ్యం 1 గ్లాసు, పప్పు పావు గ్లాసు, అణిచి కొలిచిన బెల్లం తురుము ఒకటి ముప్పావు గ్లాసు, నీళ్లు 4 గ్లాసులు, పాలు 1 గ్లాసు. బెల్లాన్ని గడ్డలుగా మాత్రం కొలవొద్దు. గడ్డల మధ్య ఖాళీ ఉండిపోతుంది, మూడోవంతు దాకా తేడా వస్తుంది. "పోయినసారి ఇదే కొలత, ఈసారి చప్పగా ఉంది" అనేదానికి చాలాసార్లు ఇదే కారణం.

కొనేటప్పుడే చూసుకోవాల్సినవి

బియ్యం పచ్చిబియ్యమే కావాలి. మన వైపు ఇడ్లీకని ఉప్పుడు బియ్యం కూడా ఇంట్లో ఉంటాయి, రెండు డబ్బాలూ పక్కపక్కనే. ఉప్పుడు బియ్యంతో పొంగలి ఎంతసేపు ఉడికించినా మెతుకు మెతుకుగానే ఉంటుంది, ముద్దకు రాదు. పచ్చిబియ్యంలో సోనా మసూరి లాంటి సన్నరకం బాగా కుదురుతుంది. కొత్తబియ్యమైతే ఇంకా మంచిది. అన్నానికి పనికిరాని జిగురే పొంగలికి కావాల్సింది. కొత్తబియ్యానికి నీళ్లు 100 మి.లీ. తగ్గించండి. ఏడాది దాటిన పాతబియ్యానికి 150 పెంచండి.

బెల్లం విషయంలో కాస్త ఆగి చూడండి. చిత్తూరు బెల్లం మండీల నుంచి వచ్చే సరుకులో లేత పసుపు నుంచి ముదురు గోధుమ దాకా అన్ని రంగులూ దొరుకుతాయి. మెరిసిపోయే పసుపు రంగు బెల్లాన్ని చూసి మురిసిపోవద్దు. పాకం కాచేటప్పుడు రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపితే అలా వస్తుంది. దాంతో పొంగలి వెలవెలబోతుంది, వాసనా తక్కువే. మరీ నల్లబెల్లం వేస్తే చేదు, ఉప్పదనం తగులుతాయి. మధ్యరకం గోధుమరంగు అచ్చు తీసుకోండి. గోరుతో గీస్తే పొడి రాలాలి, తడిగా అంటుకోకూడదు.

పొంగలిని రుచి చూడకూడదు గానీ, అంగట్లో బెల్లాన్ని చూడొచ్చు కదా. చిన్న పలుకు నాలుక మీద పెట్టుకోండి. తీపి వెనక ఉప్పగా తగిలితే ఆ అచ్చు వదిలేయండి. వంటంతా అయ్యాక ఆ ఉప్పదనాన్ని తీసే ఉపాయం ఏదీ లేదు.

ఇంకో పరీక్ష ఇంట్లో చేయండి. పండగకు ముందురోజు రెండు చెంచాల పాలు మరిగించి, అందులో శనగగింజంత బెల్లం వేసి తిప్పండి. పాలు విరిగాయంటే ఆ బెల్లంలో పులుపు ఎక్కువ. అది పనికిరానిదేమీ కాదు, కానీ పాలూ బెల్లమూ ఒకదానికొకటి వేడి మీద తగలకుండా చూసుకోవాలని ముందే తెలిసిపోతుంది.

నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. చాలా ఊళ్లలో బోరు నీళ్లు గట్టిగా ఉంటాయి, వాటిలో పప్పు సరిగా ఉడకదు. పప్పు ఎప్పుడూ ఆలస్యంగా ఉడికే ఇల్లయితే ఈ ఒక్క వంటకు తాగే క్యాన్ నీళ్లు వాడండి.

పచ్చకర్పూరం కొనేటప్పుడు "వంటలోకి" అని నోరు విప్పి అడగండి. తిరుపతిలో పూజ సామాన్ల అంగళ్లలో హారతి కర్పూరం, పచ్చకర్పూరం ఒకే అరలో ఉంటాయి. హారతి బిళ్లలు తినేవి కావు, ఎట్టి పరిస్థితిలోనూ పొంగలిలో వేయకూడదు. పచ్చకర్పూరమైనా మోతాదు దాటితే కర్పూరం విషమే, ముఖ్యంగా చిన్నపిల్లలకు. పసిపిల్లలకు కూడా పెట్టేదైతే మానేయండి, యాలకులు చాలు.

చేసే విధానం

1. పెసరపప్పును సన్నని మంట మీద వట్టిగా 4, 5 నిమిషాలు వేయించండి. కమ్మటి వాసన రాగానే దించేయాలి. ఎర్రబడితే ఆ పప్పు ఉడకడానికి మొండికేస్తుంది, పొంగలిలో పలుకులుగా తగులుతుంది. దించాక బియ్యంతో కలిపి రెండుసార్లు కడిగి, 20 నిమిషాలు నానబెట్టండి.

2. పాలు పొంగించే ఆనవాయితీ ఉంటే అది ముందే, వేరే చిన్న గిన్నెలో చేసుకోండి. 3 లీటర్ల గిన్నెలో పావు లీటరు పాలు పోసి పొంగు కోసం ఎదురుచూస్తే అడుగంటుతాయి తప్ప పొంగవు. అర లీటరు పట్టే, మూతి సన్నటి గిన్నెలో 250 మి.లీ. పాలు, 150 మి.లీ. నీళ్లు పోసి పెద్దమంట పెట్టండి. పొంగి ఒక చుట్టు కారగానే మంట తగ్గించాలి. గ్యాస్ పొయ్యి మీద ఇక్కడ జాగ్రత్త: పొంగిన పాలకు మంట ఆరిపోయినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. తూర్పుకు పొంగిందా ఉత్తరానికి పొంగిందా అని చూసేలోపు ఒక చెయ్యి మీటమీదే ఉండాలి.

3. అడుగు మందంగా ఉన్న 3 లీటర్ల గిన్నెలో లీటరులో మిగిలిన 850 మి.లీ. నీళ్లు (పాలు పొంగించకపోతే మొత్తం లీటరూ) మరిగించి, ఒక చెంచా నెయ్యి, నానిన బియ్యం, పప్పు వేయండి. నెయ్యి వేస్తే నురుగు పైకి తన్నదు. ఇత్తడి గిన్నె వాడితే లోపల కళాయి చెక్కుచెదరకుండా ఉండాలి. కళాయి పోయినదాంట్లో బెల్లం ఉడికించవద్దు.

4. ఒక పొంగు రాగానే మంట తగ్గించి, మూత ఓరగా పెట్టి 35 నుంచి 40 నిమిషాలు ఉడికించండి. 5 నిమిషాలకోసారి అడుగు నుంచి కలపాలి. 20 నిమిషాలయ్యాక, మెతుకు సగం ఉడికినప్పుడు, పొంగించిన పాలు పోయండి. మొదటే పోస్తే అడుగంటుతాయి. ఆఖర్లో పోస్తే మెతుకు పీల్చుకోదు, పాలు విడిగా నిలిచి బెల్లం తగలగానే విరుగుతాయి. నీళ్లు ఇగిరిపోయి మెతుకింకా ఉడకకపోతే పక్కన పెట్టుకున్న వేడినీళ్లే పోయండి, చన్నీళ్లు వద్దు.

   కుక్కర్‌లో అయితే 1 లీటరు నీళ్లతో, పాలు లేకుండా, 4 కూతలు వచ్చాక సన్నమంట మీద 8 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటదే దిగనివ్వండి. గింజ, నీళ్లు కలిపి కుక్కర్‌లో సగం దాటకూడదు, దాటితే గంజి కూతలో ఇరుక్కుంటుంది. మూత తీశాక పాలు పోసి, ఇంకో 10 నిమిషాలు కలుపుతూ ఉడికించండి. రుచి బాగానే ఉంటుంది, కానీ విడి గిన్నెలో వచ్చే జిగి రాదు.

5. ఇక్కడ ఆగండి. ఈ వంటంతా ఈ ఒక్క మెట్టు మీదే నిలబడి ఉంది. బెల్లం వేయకముందే మెతుకు పూర్తిగా, మామూలు అన్నం కన్నా ఎక్కువగా, ఉడికి ఉండాలి. బెల్లం పడ్డాక నీళ్లను బెల్లం పట్టేసుకుంటుంది, మెతుక్కి అందనివ్వదు. ఆ క్షణాన మెతుకు ఎంత మెత్తగా ఉందో అంతే, ఆ తర్వాత గంట ఉడికించినా ఇంకో పిసరు మెత్తబడదు. పైగా కొంచెం బిగుసుకుంటుంది కూడా. "సరిగ్గా ఉడికింది" అనిపించినప్పుడు బెల్లం వేస్తే తొందరపడినట్టే. "ఇక ఇది చితికిపోయింది" అనిపించాలి.

   అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. పొంగలికి ఆ సామెత చెల్లదు. అడుగు నుంచి, నడుమ నుంచి, గిన్నె అంచు నుంచి మూడుచోట్ల తీసి పళ్లెంలో వేసి చల్లారనివ్వండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపితే ముద్దగా రాసుకుపోవాలి. నడుమ తెల్లటి పలుకు తగిలినా, పప్పు బద్ద రూపంతో నిలిచినా ఇంకో 10 నిమిషాలు ఉడికించాల్సిందే. ఈ పరీక్షకు తీసింది మళ్లీ గిన్నెలో వేయకండి.

   చాలిందనుకున్నాక పప్పుగుత్తితో నాలుగైదుసార్లు మెదపండి. మరీ రుబ్బినట్టు చేస్తే సంకటి అయిపోతుంది.

6. అన్నం ఉడికేలోపు రెండో పొయ్యి మీద 350 గ్రాముల బెల్లం, 150 మి.లీ. నీళ్లు పెట్టి కరిగించండి. కరిగి ఒక పొంగు వస్తే చాలు. పాకం పట్టాల్సిన పని లేదు. తీగపాకం దాకా కాస్తే పొంగలి చల్లారాక జీడిలా సాగి, మర్నాటికి రాయవుతుంది. దించి, పలుచటి గుడ్డలో వడకట్టండి. మట్టి, చెరకు పీచు, ఒక్కోసారి చీమలు కూడా గుడ్డలో మిగులుతాయి. వడకట్టకుండా నేరుగా తురిమి వేసినవాళ్లకు పంటి కింద ఇసుక ఖాయం.

7. పొంగలి గిన్నె పొయ్యి మీద నుంచి దించి 3 నిమిషాలు ఆగండి. వడకట్టిన బెల్లం నీళ్లు కూడా మరుగుతూ ఉండకూడదు, గోరువెచ్చగా ఉంటే మేలు. మూడు విడతలుగా పోస్తూ కలపండి. రెండూ సలసలా కాగుతున్నప్పుడు కలిపితేనే పాలు విరిగేది. తర్వాత గిన్నె కింద పెనం పెట్టి, సన్నమంట మీద 8 నుంచి 10 నిమిషాలు ఆపకుండా కలపండి. ఇందులోనే సగం నెయ్యి, రెండు మూడు విడతల్లో వేయాలి. నెయ్యంతా చివర్లో గుమ్మరిస్తే పొంగలికి పట్టదు, పైన తెట్టుకట్టి ప్రసాదం పెట్టేటప్పుడు మొదటివాళ్లకే వెళ్లిపోతుంది.

8. మిగిలిన నెయ్యిలో కొబ్బరి ముక్కలు, జీడిపప్పు, లవంగాలు, చివర్లో ద్రాక్ష వేయించి నెయ్యితో సహా కలిపేయండి. జీడిపప్పు రంగు తిరగబోతుండగానే తీసేయాలి, నెయ్యి వేడికి అదే ఇంకాస్త ఎర్రబడుతుంది. యాలకుల పొడి దించాకే. పచ్చకర్పూరాన్ని నేరుగా వేస్తే ఒకరి ఆకులో చేదు, ఇంకొకరికి వాసనే లేదు అన్నట్టవుతుంది. ఒక చెంచా పంచదారతో కలిపి నూరి, పొంగలంతా చల్లి కలపండి.

ఎప్పుడు దించాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పొయ్యి మీద చూడ్డానికి చక్కగా ముద్దకు వచ్చిందనుకుని దించితే అరగంటలో గట్టిపడుతుంది. అన్నంలోని గంజి చల్లారేకొద్దీ బిగుస్తుంది, నెయ్యి కూడా పేరుకుంటుంది. దించేటప్పుడు కావాల్సిన దానికన్నా ఒక మెట్టు పల్చగానే ఉండాలి.

గుర్తులు ఇవి. గరిటెతో తీసి వంచితే పొంగలి ఒక్కసారిగా పడిపోకూడదు, అంటుకుని వేలాడకూడదు, మెల్లగా జారాలి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే అడుగు కనిపించి, ఒకటి రెండు లెక్కపెట్టేలోపు మూసుకుపోవాలి. అంచుల్లో నెయ్యి సన్నగా మెరవాలి. పచ్చి బెల్లం వాసన పోయి, కమ్మదనం రావాలి. ఒక చెంచా పళ్లెంలో వేసి 5 నిమిషాలు చల్లార్చి చూస్తే ఆకులో ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. పళ్లెం వంచినా కదలకపోతే 100 మి.లీ. వేడినీళ్లు పోసి, రెండు నిమిషాలు కలిపి దించండి.

తప్పు జరిగిపోతే

*బెల్లం వేశాక మెతుకు గట్టిగా ఉందని తెలిసింది.* పూర్తిగా సరిదిద్దలేరు, కొంత మేలు చేయొచ్చు. 200 మి.లీ. వేడినీళ్లు కలిపి, గిన్నెకు మూతపెట్టి, అడుగున నీళ్లు పోసిన కుక్కర్‌లో దించి 4 కూతలు రానివ్వండి. నేరుగా పొయ్యి మీద మరిగిస్తే మెతుకు మెత్తబడేలోపు అడుగు మాడిపోతుంది.

*పాలు విరిగి చిన్న చిన్న రవ్వలుగా కనిపిస్తున్నాయి.* పాడైపోలేదు, పారబోయకండి. రెండు చెంచాల నెయ్యి వేసి సన్నమంట మీద గట్టిగా కలిపితే రవ్వ కలిసిపోతుంది. వంటసోడా వేస్తే విరగదని కొందరంటారు. కాస్త ఎక్కువైనా సబ్బు వాసన, నైవేద్యాన్ని రుచి చూడలేరు కాబట్టి ఆ సాహసం వద్దు.

*అడుగంటింది.* గోకకండి, కలపకండి. పైదంతా వెంటనే వేరే గిన్నెలోకి వంపేయండి. ఒక్కసారి గోకినా మాడువాసన మొత్తానికి పాకుతుంది. పాలు మాడిన వాసనను యాలకులతో కప్పిపుచ్చలేరు, రెండూ కలిసి ఇంకా అన్యాయంగా ఉంటుంది.

*తీపి ఎక్కువైంది.* 50 గ్రాముల బియ్యం విడిగా బాగా చితికేలా ఉడికించి కలపండి. పాలు పోసి తగ్గించాలని చూస్తే పొంగలి పల్చబడిపోతుంది. *తక్కువైతే* బెల్లం తురుము చల్లొద్దు, కొద్ది నీళ్లలో కరిగించి వడకట్టే పోయాలి.

పచ్చకర్పూరం ఎక్కువై చేదెక్కితే మాత్రం మందు లేదు. ఇంకో విడత కర్పూరం లేకుండా చేసి రెండూ కలపడమొక్కటే దారి.

ఎక్కువమందికి, కట్టెల పొయ్యి మీద

1 కేజీ బియ్యానికి అన్నీ ఐదు రెట్లు చేయకూడదు. పెద్ద గిన్నెలో ఆవిరి తక్కువ పోతుంది. పప్పు 250 గ్రాములు, బెల్లం 1 కేజీ 750 గ్రాములు, నెయ్యి అర కేజీ లెక్క ప్రకారమే. నీళ్లు మాత్రం 3.75 లీటర్లతో మొదలుపెట్టి, పాలు 1 లీటరు పోసి, అవసరమైతే వేడినీళ్లు చేర్చండి. పచ్చకర్పూరం మూడు గింజలంత దాటకూడదు.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలోనో, ఊరి గుడి ముందో రాళ్ల పొయ్యి మీద పొంగలి పెట్టేవాళ్లకు ఉండే ఇబ్బంది మంట. పప్పు, బియ్యం ఉడికేదాకా కట్టెలు మండనివ్వండి. బెల్లం వేసే ముందు కట్టెలు బయటికి లాగేసి, నిప్పుల మీదే పని ముగించాలి. గిన్నె బయటివైపు అడుగుకు తడిమట్టి పూసిపెడితే మసి పట్టదు, తోమడం సులువు. పప్పు ఇంట్లోనే వేయించి, బెల్లం ఇంట్లోనే కరిగించి వడకట్టి సీసాలో తీసుకెళ్లండి. అక్కడ పొగలో, తోపులాటలో వడకట్టడం అయ్యే పని కాదు. కొత్త మట్టికుండ వాడితే ముందురాత్రి నీళ్లలో నానబెట్టి, ఒకసారి గంజి కాచి పారబోశాకే పొంగలికి వాడాలి. లేకపోతే మట్టివాసన, పగుళ్లు.

మార్పులు

ధనుర్మాసంలో 27వ రోజు, కూడారై నాడు చేసే అక్కారవడిసల్ అనే పాల పొంగలికి నీళ్లు దాదాపు ఉండవు. 200 గ్రాముల బియ్యం, రెండు చెంచాల పప్పు నేతిలో వేయించి, 1.5 లీటర్ల పాలలో సన్నమంట మీద గంటకు పైగా ఉడికించాలి. బెల్లం 400, నెయ్యి 150 గ్రాములు. ఇంత పాలున్నచోట ఏడో మెట్టులో చెప్పిన చల్లార్చడం 10 నిమిషాలు ఉండాలి.

కొర్రలతో చేసుకోవాలంటే 3 గంటలు నానబెట్టి, నీళ్లు 200 మి.లీ. పెంచండి. మెతుకు నలిపే పరీక్ష దీనికి ఇంకా ముఖ్యం, కొర్ర పైకి మెత్తగా కనిపించి లోపల పలుకుగా ఉంటుంది. చల్లారాక బియ్యం పొంగలి కన్నా త్వరగా గట్టిపడుతుంది, ఇంకాస్త పల్చగా దించండి.

మిగిలితే

పాలు పోసింది కాబట్టి ఎండాకాలంలో మధ్యాహ్నం దాటేదాకా బయట ఉంచకండి. ప్రయాణంలో తీసుకెళ్లేదైతే పాల బదులు నీళ్లే పోసి చేయండి. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, రాయిలా బిగుస్తుంది. గడ్డను నేరుగా వేడిచేస్తే అడుగు మాడి నడుమ చల్లగానే ఉంటుంది. కప్పు పొంగలికి మూడు చెంచాల వేడినీళ్లు చల్లి, గరిటె వెనకవైపుతో గడ్డ చిదిపి, మూతపెట్టి ఇడ్లీ పాత్రలో 10 నిమిషాలు ఆవిరికి పెట్టండి. దించాక అర చెంచా నెయ్యి కలిపితే మళ్లీ జారుగా వస్తుంది.